వాచీలో పడే అంతస్తులు ఎత్తు లెక్క, శ్రమ లెక్క కాదు

మెట్లెక్కడం గురించి ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇంతే: ఫిట్‌నెస్ వాచీ జీపీఎస్‌తో అంతస్తులు లెక్కపెడుతుంది, లిఫ్టులో వెళ్లినా అంతస్తులు పడతాయి, 10 అంతస్తులు ఎక్కితే 10,000 అడుగులు నడిచినట్టే, వాచీలో అంతస్తు పడకపోతే ఎక్కిన శ్రమ వృథా. ఈ నాలుగూ తప్పే. చివరి రెండూ నమ్మితే వ్యాయామమే దారి తప్పుతుంది.

"జీపీఎస్‌తో కొలుస్తుంది."

కాదు. భవనం లోపల ఉపగ్రహ సంకేతం సరిగా అందదు. ఆరుబయట కూడా జీపీఎస్ చెప్పే ఎత్తులో కొన్ని మీటర్ల తేడా మామూలే. 3 మీటర్ల అంతస్తును పట్టడానికి అది చాలదు. ఈ పని చేసేది గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్. సముద్రమట్టానికి దగ్గర్లో ఒక మీటరు పైకి వెళితే పీడనం సుమారు 0.12 హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. అంటే 3 మీటర్లకు 0.36. ఫిట్‌బిట్, యాపిల్, గార్మిన్ కంపెనీల వాచీలు మూడూ దాదాపు 3 మీటర్ల ఎత్తునే ఒక అంతస్తుగా తీసుకుంటాయి. మీ భవనంలో అంతస్తు ఎత్తు ఎంతన్నది వాచీకి తెలియదు. అంతస్తుకు 2.7 మీటర్లున్న చోట పది ఎక్కితే 27 మీటర్లు, వాచీలో 9 పడతాయి. 4 మీటర్లున్న చోట అదే పదికి 13 పడతాయి. రెండు లెక్కలూ సరైనవే.

బారోమీటర్ లేని బ్యాండ్లు చాలా ఉన్నాయి. ఫిట్‌బిట్ ఛార్జ్ 4లో ఉన్న ఈ సెన్సర్‌ను ఛార్జ్ 5లో తీసేశారు. సెన్సర్ లేని బ్యాండ్ అడుగులు లెక్కపెడుతుంది కానీ అంతస్తులు లెక్కపెట్టదు, కాబట్టి ముందు మీ మోడల్ వివరాల్లో అది ఉందో లేదో చూసుకోండి.

"లిఫ్టులో వెళ్లినా పడతాయి."

పీడనం తగ్గడం ఒక్కటే చాలదు, అదే సమయంలో నడక కదలిక కూడా కనబడాలి. లిఫ్టులో కదలకుండా నిలబడితే మామూలుగా ఏమీ పడదు. ఎస్కలేటర్ మీద నడుస్తూ పైకి వెళితే మాత్రం, యంత్రం మోసిన ఎత్తు కూడా మీ ఖాతాలోనే చేరుతుంది. దొంగ అంతస్తులకు అసలు కారణాలు వేరు. వాతావరణం మారి పీడనం 1 హెక్టోపాస్కల్ పడిపోతే అది 8 మీటర్లు పైకి వెళ్లిన దానితో సమానం. ఆ సమయంలో నడుస్తూ ఉంటే రెండు అంతస్తులు ఊరికే పడవచ్చు. ఈదురుగాలి, గట్టిగా తెరిచి మూసిన తలుపు కూడా సెన్సర్‌ను తికమక పెడతాయి. చెమట, సబ్బు, దుమ్ము చేరి సెన్సర్ రంధ్రం మూసుకుపోతే లెక్క తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. నీటిని తట్టుకునే వాచీ అయితే గోరువెచ్చని మంచినీటితో కడిగి ఆరనివ్వండి. పిన్నుతో మాత్రం పొడవకండి, లోపలి పొర చిరిగిపోతుంది.

"10 అంతస్తులు అంటే 10,000 అడుగులు."

అన్నిటికన్నా హాని చేసే మాట ఇదే. 70 కిలోల మనిషి 3 మీటర్లు పైకెక్కితే శరీరాన్ని లేపడానికి పట్టే పని సుమారు 2,060 జౌళ్లు, అంటే అర కిలోక్యాలరీ. కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో 20 నుంచి 25 శాతమే పనిగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి అంతస్తుకు 2 నుంచి 2.5 కిలోక్యాలరీలు, పదింటికి 20 నుంచి 25. పదివేల అడుగుల నడకకు అదే మనిషికి 300 పైనే ఖర్చవుతాయి. మెట్లెక్కడం చిన్నదని దీనర్థం కాదు. ఒక్కో అడుగుకు చూస్తే మెట్టు ఎక్కడం చదునుగా నడవడం కంటే మూడు రెట్లకు పైగా ఖరీదైనది, గుండె వేగాన్ని త్వరగా పెంచుతుంది. దాని విలువ తీవ్రతలో ఉంది, మొత్తం క్యాలరీల్లో కాదు.

"వాచీలో పడకపోతే వృథా."

జిమ్‌లోని మెట్ల యంత్రాన్ని చూడండి. మెట్లు కాళ్ల కింద దిగిపోతుంటాయి, శరీరం ఉన్న ఎత్తులోనే ఉంటుంది, పీడనం మారదు. అరగంట చెమటోడ్చినా వాచీలో అంతస్తులు సున్నా. శ్రమ మాత్రం నిజం. అక్కడ వాచీలో మెట్ల యంత్రం వ్యాయామాన్ని ఎంచుకుని, గుండె వేగం, సమయం చూడాలి. పక్క కడ్డీల మీద బరువు మోపితే యంత్రం చూపే అంతస్తులు తగ్గవు, మీ పని తగ్గుతుంది.

గుండె వేగానికీ ఒక పరిమితి ఉంది. నిమిషంలో ముగిసే ఎక్కుడులో గుండె వేగం పూర్తిగా పెరగకముందే మెట్లు అయిపోతాయి, మణికట్టు సెన్సర్ ఇంకా వెనకబడుతుంది. అందుకే చిన్న ఎక్కుళ్లకు వాచీ క్యాలరీలు తక్కువ చూపుతుంది. పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, జారకుండా పెట్టుకుంటే కొంత మెరుగు.

మీ వాచీని పరీక్షించాలంటే టేపుతో ఒక మెట్టు ఎత్తు కొలవండి. 17 సెంటీమీటర్లయితే 90 మెట్లకు 15.3 మీటర్లు, అంటే 5 అంతస్తులు. రెయిలింగ్ పట్టుకోకుండా, చేయి ఊపుతూ, మధ్యలో ఆగకుండా ఎక్కండి. కొన్ని నిమిషాలాగి అంకె చూడండి, ఇలా మూడుసార్లు చేయండి. ప్రతిసారీ 4 నుంచి 6 లోపు వస్తే వాచీ బాగానే ఉన్నట్టు. సున్నా వస్తే సెన్సర్ లేదు, లేదా మూసుకుపోయింది. రెండు మూడే వస్తే ఈసారి మలుపుల దగ్గర ఆగారేమో, బరువు పట్టుకున్న చేతికే వాచీ ఉందేమో చూడండి.