పంజరంల పాలపిట్టని చూపిస్తే దాన్ని సంప్రదాయం అనకండి

దసరా దగ్గరికొస్తే చాలు, మా ఫ్యామిలీ గ్రూపుల, అపార్ట్‌మెంట్ గ్రూపుల ఒకటే మెసేజ్ తిరుగుతది. ఈసారి నాకు మూడు దిక్కుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: పాలపిట్టని పంజరంల పెట్టి చూపించుడు మన పాత సంప్రదాయం, ఎక్కడ చూసినా పుణ్యమే, పండగైనంక వాళ్ళే వదిలేస్తరు, పాలపిట్టలు బోలెడున్నయ్, చట్టాలన్నీ పులులకి ఏనుగులకే, పేదోళ్ళ పొట్ట కొట్టకండి, అందరికీ షేర్ చేయండి. పంపినోళ్ళు చెడ్డోళ్ళు కాదు, మా మేనత్త కూడా పంపింది, అందుకే ఒక్కొక్క ముక్క తీసుకొని నిదానంగా చెప్తున్న.

ముందు సంప్రదాయం సంగతి. మాది చేవెళ్ల దిక్కు ఊరు. దసరా నాడు పొద్దుగూకే ముందు డప్పులతోని ఊరు ఊరంతా పొలిమేరకి పోయేది, జమ్మికి మొక్కినంక అందరం చేన్ల దిక్కు చూసుకుంట నిలబడేది, కరెంటు వైరు మీదనో తుమ్మకొమ్మ మీదనో పిట్ట కనబడితే ఎవరో ఒకరు "అగో!" అని ఒర్లేది. ఒక్కో ఏడు కనబడకపోయేది కూడా. చీకటి పడేదాంక చూసి, జమ్మి బంగారం పట్టుకొని ఇంటికొచ్చి పెద్దోళ్ళ కాళ్ళు మొక్కేటోళ్ళం, ఎవ్వరూ పండగ పాడైంది అనకపోయేది. కథలల్ల కూడా రాముడు యుద్ధానికి పోతుంటే పాలపిట్ట ఎదురొచ్చింది అంటరు, పాండవులు జమ్మి మీద దాచిన ఆయుధాలు తీసుకొని తిరిగొస్తుంటే కనబడింది అంటరు. దానంతట అది ఎదురొస్తేనే శకునం. కాళ్ళు కట్టి గుడి మెట్ల కాడికి పట్టుకొస్తే అది శకునం ఎట్లయితది? దసరా నాడు చేసే సీమోల్లంఘనం అంటే మనం పొలిమేర దాటాలె అని అర్థం, పిట్టని దాటించుకొని రమ్మని ఎవరు చెప్పిండ్రు?

ఇగ "హాని లేదు, వదిలేస్తరు" అన్న మాట. పోయిన దసరా పొద్దున మా కాలనీ గుడి బయట ఒకాయన గోనెసంచి కప్పిన పంజరం పెట్టుకొని కూసున్నడు, ఇరవై రూపాయలిస్తే సంచి లేపుతడు. నేను వంగి దగ్గర నుంచి చూసిన. కాళ్ళకి నైలాన్ దారం, అది చర్మంలకి దిగి చుట్టూ వాచింది. ఛాతీ ఈకలు బంకతోని ముద్దగట్టినయ్. రెక్క ఈకల కొసలు కత్తెరతోని కోసినట్టు అన్నీ ఒకటే లెవల్ల ఉన్నయ్. నోరు తెరుచుకొని రొప్పుతున్నది. గిన్నెల బియ్యం గింజలు వేసి ఉన్నయ్, పాలపిట్ట బియ్యం తినదు, మిడతలు, పేడపురుగులు, చిన్న బల్లులు దాని తిండి. ఇంకో మాట, కూసున్న పాలపిట్ట చూడడానికి ఎక్కువగా మట్టిరంగే, దాని అసలు నీలం రెక్క విప్పినప్పుడే మొత్తం కనబడతది. అంటే ఇరవై రూపాయలిచ్చినోళ్ళు పాలపిట్ట అందాన్ని చూడనే లేదు.

గసుంటి పిట్టని పండగైనంక వదిలేస్తే ఏమైతది? అది ఎత్తు మీద కూసొని కింద పురుగు కనబడంగనే దూకి పట్టుకునే పిట్ట, ఎగరలేకపోతే దానికి తిండి లేదు. కోసిన ఈకలు రాలి కొత్తవి రావాలంటే నెలలు పడతది, అప్పటిదాంక కుక్కలు పిల్లులు ఊకుంటయా? కొందరు జాలిపడి డబ్బులిచ్చి కొని వదిలేస్తరు, నేనూ చిన్నప్పుడు మా నాయినని సతాయించి అట్లనే చేయించిన, ఇప్పుడు తలుచుకుంటే బాధయితది, ఎందుకంటే ఆ పిట్ట ఎట్లనూ బతికి ఉండదు, ఆ పైసలు చూసి మల్లా ఏడు ఇంకో రెండు పట్టుకొచ్చి ఉంటరు.

బోలెడున్నయ్ అనేది సగమే నిజం. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లిస్టుల పాలపిట్టకి ఇంకా పెద్ద ముప్పు లేదనే రాసి ఉంది, ఒప్పుకుంట. కానీ మన దేశంల ఏ పక్షులు పెరుగుతున్నయ్, ఏవి తగ్గుతున్నయ్ అని చెప్పే స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ అని 2023ల వచ్చిన రిపోర్టుల 30 శాతం, అంతకంటే ఎక్కువ తగ్గిన పక్షులల్ల దీని పేరు ఉంది, ఐయూసీఎన్ మళ్ళీ పరిశీలించాలె అని కూడా అడిగిండ్రు. ఎండిన తాటి, ఈత మొద్దుల తొర్రలల్ల గూడు పెట్టుకునే పిట్ట, మన హైదరాబాద్ చుట్టూ ఆ చెలకలన్నీ వెంచర్లయినయ్, చేన్లల్ల పురుగుమందు. ఇన్నిట్ల బతికినదాన్ని మనం పండగ పేరు చెప్పి పట్టుకుంటున్నం. పైగా ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి.

చట్టం పులులకే అనేది పూర్తిగా తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడేవాటిల్ల పాలపిట్ట కూడా ఉంది. ఆ చట్టంల వేట అంటే చంపుడు ఒక్కటే కాదు, వల వేసుడు, ఉచ్చు పెట్టుడు, పట్టుకునుడు కూడా వేటే. మూడేళ్ళ దాంక జైలు, లక్ష రూపాయల దాంక జరిమానా, లేకపోతే రెండూ. 2022 సవరణకి ముందు ఆ జరిమానా 25 వేలే ఉండె.

పేదోళ్ళ మాటకి నా దగ్గర కటువు జవాబు లేదు. పంజరం పట్టుకొని ఎండల కూసున్నాయన నిజంగనే పేదోడు. కానీ అదే గుడి బయట బంతిపూలు, గుమ్మడికాయలు అమ్మే ఆడోళ్ళు కూడా పేదోళ్ళే, వాళ్ళ కాడ పది రూపాయలకి బేరమాడి పిట్టని చూడనీకి మాత్రం నోటు తీసిస్తున్నం. అది మనం ఆపొచ్చు. పంజరం కనబడితే గొడవ పడకండి, పిట్టని గుంజుకొని ఇంటికి తేకండి, ఫొటో తీసి ఏ జాగనో చెప్పి ఫారెస్టోళ్ళకి ఫోన్ చేయండి, లేకపోతే 100కి కొట్టండి.

మా మేనత్తకి ఇదంతా చెప్పిన. కాసేపు ఊకుండి, "మరి పిట్టని యాడ చూడాలెరా?" అన్నది. ఈ దసరాకి ఆమెని మొయినాబాద్ దాటించి మా ఊరి రోడ్డు మీదికి తీసుకపోతున్న, నాలుగింటికి బయలుదేరతం, కార్ల ఇంకో ఇద్దరికి జాగ ఉంది.