క్యాథలిక్ బడి గుర్తింపు అడ్మిషన్ల రిజిస్టర్‌లోనే ఉంది

మన దేశంలో క్యాథలిక్ బడుల గురించి చర్చ ఎప్పుడొచ్చినా గోడ మీది శిలువ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. 2024 ఫిబ్రవరిలో అస్సాంలో కొన్ని సంస్థలు మిషనరీ బడుల్లోంచి శిలువలు, విగ్రహాలు తీసేయాలని హెచ్చరికలు చేశాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో మదర్ థెరిసా పేరుతో నడిచే బడి మీద ఓ గుంపు విరుచుకుపడింది. హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చిన పిల్లల్ని ప్రశ్నించారన్నది వాళ్ల కోపం. అద్దాలు పగిలాయి, మదర్ విగ్రహం మీద రాళ్లు పడ్డాయి, పైగా బడి వాళ్ల మీదే కేసు కూడా నమోదైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య తన బడులకు మార్గదర్శకాలు పంపింది. ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దు, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి, అందరికీ పనికొచ్చే ప్రార్థన గది ఒకటి పెట్టండి అని వాటి సారాంశం.

మంచిర్యాలలో జరిగింది పచ్చి రౌడీయిజం, అందులో రెండో మాట లేదు. పీఠిక చదివించడమూ మంచిదే. అయితే ఈ మొత్తం గొడవలో రాళ్లేసినవాళ్లూ, రాళ్లు తిన్నవాళ్లూ ఒక విషయం మాత్రం కలిసే నమ్ముతున్నట్టుంది. క్యాథలిక్ గుర్తింపు అంటే గోడకు తగిలించేది, అసెంబ్లీలో పలికించేది అని. అది నిజమైతే శిలువ దించేస్తే ఆ గుర్తింపు పోవాలి, ఎత్తుగా పెడితే పెరగాలి. ఒక బడి క్యాథలిక్ బడి అవునో కాదో తేల్చేది దాని అడ్మిషన్ల రిజిస్టర్. అందులో ఎవరి పిల్లల పేర్లున్నాయి, ఎవరివి లేవు అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

ఈ మాట నా సొంత కవిత్వం కాదు. 1597లో జోసెఫ్ కలసాంజ్ అనే ఫాదర్ రోమ్‌లో ఫీజు లేని బడి తెరిచింది వీధుల్లో తిరిగే పేదపిల్లల కోసం. ఆ తర్వాతి శతాబ్దంలో ఫ్రాన్స్‌లో డి లా సాల్ అనే ఇంకో ఫాదర్ మరో అడుగు వేశాడు. చదువంటే లాటిన్‌తోనే మొదలవ్వాలన్న ఆచారాన్ని పక్కనపెట్టి, కూలీల పిల్లలకు ముందు వాళ్ల సొంత భాషలో చదవడం నేర్పించాడు. ఆ పిల్లలు బడిలో ఉండేది కొద్దికాలమే, ఆ కాస్త కాలం వాళ్లకు పనికిరావాలి కదా! 1965లో రెండో వాటికన్ మహాసభ విద్య గురించి చేసిన ప్రకటన కూడా పేదల్ని, కుటుంబ ఆదరణ లేనివాళ్లని, విశ్వాసంలో లేనివాళ్లని ప్రత్యేకంగా పట్టించుకోమంది. 1977లో క్యాథలిక్ బడుల మీద వాటికన్ విడుదల చేసిన పత్రమైతే మొహమాటం లేకుండా మాట్లాడింది. మన బడులు ప్రధానంగా డబ్బున్నవాళ్ల పిల్లలకే పరిమితమైతే వాళ్ల పెత్తనాన్ని కాపాడినట్టే అవుతుందని, అన్యాయమైన సమాజానికి కొమ్ముకాసినట్టే అవుతుందని హెచ్చరించింది. చర్చి చట్టం 803వ నిబంధన ప్రకారం చర్చి అధికారుల అనుమతి లేకుండా ఏ బడీ క్యాథలిక్ అన్న పేరు పెట్టుకోకూడదు. ఆ పేరు ఇచ్చే అధికారం చేతిలో ఉన్నవాళ్లు 1977 పత్రాన్ని ఎప్పుడైనా కొలమానంగా పెట్టుకున్నారా?

తెలుగు నేల మీద ఈ బడులు రెండు రకాలు. పట్టణంలో కాన్వెంటు ఒకటి, పల్లెలో ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) బడి ఒకటి. కాన్వెంటు చరిత్ర అందరికీ తెలుసు, వందేళ్ల పండగలకు సావనీర్లు వేస్తారు, పూర్వ విద్యార్థుల్లో ఎమ్మెల్యేలు, ఐఏఎస్‌లు ఉంటారు. ఆర్‌సీఎం ప్రాథమిక పాఠశాలకు సావనీర్ ఉండదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పెరిగినవాళ్లకు ఆ బడి ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఒకే ఒక్క పొడుగాటి గది, ముందు చిన్న వసారా. సోమవారం నుంచి శనివారం దాకా అది బడి, ఆదివారం అదే గుడి. ఒక గోడకు నల్లబల్ల, ఎదురు గోడకు తెర. ఆదివారం ఫాదర్‌గారు పూజకు వస్తే తెర తొలగి పీఠం కనిపించేది, పిల్లలు కూర్చున్న చాపల మీదే పెద్దలు మోకరించేవారు. ఉదయం అక్షరాలు దిద్దించిన పంతులుగారే చాలాచోట్ల మతబోధ చేసే ఉపదేశి కూడా. సాయంత్రం జపం చెప్పించేదీ, ఊళ్లో కూలి తగాదా వస్తే అర్జీ రాసిపెట్టేదీ ఆయనే. ఊరి బడిలో వెనక కూర్చోబెట్టిన కాలంలో, అసలు రానివ్వని కాలంలో, మూడు నాలుగు తరాల దళితులు తొలిసారి పలక పట్టింది ఆ గదిలో.

నన్నడిగితే తెలుగునాట క్యాథలిక్ విద్య అన్న మాటకు అర్థం ఆ గదే. కాన్వెంటు ఆ తర్వాతి సంగతి.

ఇప్పుడా గదుల పరిస్థితి ఏమిటి? తామే జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ చేయకుండా ప్రభుత్వాలు వాటిని ఎండగట్టాయి. ఒక టీచరు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఖాళీ. పిల్లలు పక్క ఊరి ఇంగ్లిష్ మీడియం బస్సు ఎక్కారు. ఇదంతా ప్రభుత్వ పాపమే అనుకుందాం. మరి మేత్రాసనాలు, అంటే బిషప్పుల కింద నడిచే చర్చి విభాగాలు, ఏం చేశాయి? 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలో కలుపుకుంటానన్నప్పుడు గొడవైంది, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. టీవీల్లో కనిపించినవి పట్టణాల్లోని పేరున్న విద్యాసంస్థలే. పల్లె బడి ఏ చర్చలోనూ లేదు. కాన్వెంట్లలో మాత్రం కొత్త బ్లాకులు లేస్తూనే ఉన్నాయి. ఫౌండేషన్ కోర్సులు, ఒలింపియాడ్ క్లాసులు, కార్పొరేట్ స్కూళ్లతో పోటీపడే ఫ్లెక్సీలు. గేటు మీద పునీతుల పేరు లేకపోతే ఆ ఫ్లెక్సీని చూసి అది ఏ బడిదో చెప్పడం కష్టం.

అడ్మిషన్ల రోజు ఒకసారి అక్కడ నిలబడి చూడండి. దరఖాస్తులో తండ్రి చదువు ఎంత, తల్లి చదువు ఎంత, ఏడాది ఆదాయం ఎంత అని గడులుంటాయి. మూడేళ్ల పిల్లాడికి సీటు కోసం తల్లిదండ్రులతో ఇంగ్లిష్‌లో మాట్లాడిస్తారు. జ్ఞానస్నాన పత్రం, విచారణ (పారిష్) గురువు సిఫారసు లేఖ పట్టుకుని వరసలో నిలబడ్డ తాపీమేస్త్రీ ఆ ముచ్చట్ల దగ్గరే ఓడిపోతాడు. సీటొచ్చినా ఫీజు రాయితీ కోసం ఇంకో నాలుగుసార్లు తిరగాలి.

ఇక చట్టం. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇవ్వాలంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు దీన్నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చింది. ఆధారం మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు నడిపే హక్కిచ్చే రాజ్యాంగం 30వ అధికరణ. బాలల హక్కుల జాతీయ కమిషన్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం మైనారిటీ బడుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన పిల్లలు 8.76 శాతమే. క్రైస్తవ బడుల్లో చదివేవాళ్లలో 74 శాతం మంది మైనారిటీ వర్గాలవాళ్లు కారు. ఆ కమిషన్ ఉద్దేశాల మీద నాకూ అనుమానాలున్నాయి. ఆ లెక్క తప్పయితే మేత్రాసనాలు బడులవారీగా తమ లెక్క బయటపెట్టొచ్చు, ఎవరూ అడ్డుకోరు. ఇతర మతాల పిల్లలు చదవడం తప్పేం కాదు, అది ఈ బడుల గొప్పతనమే. కానీ తన సమాజం పిల్లలూ ఎక్కువ లేక, పేదలూ ఎక్కువ లేక, మైనారిటీ హక్కు దేన్ని కాపాడుతున్నట్టు? 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ప్రమతి తీర్పు మీదే సందేహం వ్యక్తం చేసి, పెద్ద ధర్మాసనం చూడాలంటూ సీజేఐకి నివేదించింది. ఆ సందేహం ఊరికే పుట్టలేదు.

యాజమాన్యాల వాదన నాకు తెలుసు. ప్రభుత్వం గ్రాంటు ఇవ్వదు, టీచర్లకు జీతాలివ్వాలి, పట్టణంలో వసూలైన ఫీజుతోనే పల్లెలో హాస్టలో ఆసుపత్రో నడుస్తుంది, చాలా కాన్వెంట్లు అదే ఆవరణలో పేదపిల్లలకు ఉచిత తెలుగు మీడియం విభాగాలు నడిపాయి అంటారు. ఇందులో నిజం ఉంది. ముఖ్యంగా సిస్టర్లు చాలామంది ఒంటికి ఏమీ మిగుల్చుకోకుండా పనిచేస్తారు. అయితే ఒకే ఆవరణలో డబ్బున్నవాళ్లకు ఒక గేటు, పేదలకు ఇంకో గేటు పెట్టడం 1977 పత్రం వద్దన్న పనే. ఫీజు పల్లెకు వెళ్తోందంటే మూతపడ్డ ఆర్‌సీఎం బడి ఒక్కటైనా దానితో తెరుచుకుందో లేదో చెప్పాలి.

అసలు సంగతి ఫీజు కూడా కాదు, కులం. తెలుగు క్యాథలిక్కుల్లో అత్యధికులు దళితులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వాళ్లని ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీల కోసం పెట్టిన బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. మతం మారినంత మాత్రాన అంటరానితనం పోదు, కాబట్టి దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని చర్చి దశాబ్దాలుగా ఢిల్లీలో అడుగుతోంది. న్యాయమైన కోరిక, నేనూ సమర్థిస్తాను. 2016లో పీఠాధిపతులే దళిత సాధికారత విధానం ఒకటి విడుదల చేసి, చర్చి లోపలా కులం ఉందని ఒప్పుకున్నారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. పేదరికంతో మధ్యలో ఆగిన ఆయన చదువును మళ్లీ పట్టాలెక్కించింది మిషనరీలే. అలాంటి పిల్లాడు ఇవాళ తల్లి చేయి పట్టుకుని పట్టణ కాన్వెంటు గేటు దగ్గరకొస్తే లోపలికి వెళ్లగలడా?

చర్చిలో కులం ఉందని ఢిల్లీలో వాదించేవాళ్లు తమ బడి రిజిస్టర్‌లో దళిత క్రైస్తవ పిల్లల లెక్క వేరుగా రాయరు. కేంద్రం ఎస్సీ హోదా ఇస్తే ఒక్క సంతకంతో వచ్చే మేలు ఎంత పెద్దదో నాకు తెలుసు. కానీ బిషప్పు సంతకంతో రేపే జరిగే పనికి మూడో పేరా రద్దయ్యేదాకా ఆగాల్సిన అవసరం ఏముంది? చాలా బడుల ఆస్తి మేత్రాసనానిదో మఠవాసుల సంఘానిదో, కరస్పాండెంట్లు ఫాదర్లో సిస్టర్లో. ప్రవేశ తరగతిలో నాలుగో వంతు సీట్లు ఫీజు లేకుండా పేదలకు, అందులో ముందు విచారణలోని దళిత కుటుంబాలకు అని నోటీసు అంటించడానికి ఏ జీవో అక్కర్లేదు. పెద్ద ధర్మాసనం ఎప్పుడు కూర్చుంటుందో తెలియదు. అడ్మిషన్లు మాత్రం వచ్చే జూన్‌లో మళ్లీ మొదలవుతాయి.