నా పేపరు నాకే అమ్మబోయిన సంఘం వారికి

మహారాజశ్రీ భౌతికశాస్త్ర సంఘం పెద్దలకు,

కావలి నుంచి మీ సభ్యురాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని మొన్న మీరు చూపించిన ధరను బట్టే తెలిసింది.

శనివారం మధ్యాహ్నం ఎమ్మెస్సీ పిల్లాడొకడు ప్రాజెక్టు కోసం మీ జర్నల్లో వచ్చిన నా పరిశోధన పేపరు కావాలని వచ్చాడు. నా సర్వీసులో ఒకరు నా పేపరు అడగడం అదే మొదలు. సంబరంగా కంప్యూటర్ ముందు కూర్చున్నా. తెర మీద నా పేరు, కింద సారాంశం, దాని కింద తాళం బొమ్మ. చదవాలంటే 35 డాలర్లట! సభ్యత్వం నంబరు కొడితే చెల్లదంది. మీకు ఫోన్ చేస్తే, జర్నల్ పని పబ్లిషర్‌కి అప్పగించాం, వాళ్ళనడగండి అన్నారు. వాళ్ళకు మెయిల్ పెడితే మిమ్మల్ని అడగమన్నారు. నాలుగున్నర అయింది. "ఏంది మేడమ్, మీరు రాసింది మీకే రాదా?" అన్నాడు పిల్లాడు. మొలగొలుకులు పండించిన రైతుని గుప్పెడు బియ్యానికి మిల్లు గేటు దగ్గర నిలబెట్టినట్టుంది నా పని.

ఆ పేపరులో రాసిన గాజు కరిగించింది నేను. కరెంటు పోయి రెండుసార్లు మూసలోనే గడ్డకట్టింది. మూడోసారి ఇత్తడి పలక మీద పోసి నొక్కి, యూవీ లైటు కింద పెడితే అందులో కలిపిన యూరోపియం అనే మూలకం ఎర్రగా మెరిసింది. శాంపిల్స్ ఎక్స్‌రే తీయించడానికి జీతంలోంచే కట్టాను. మీరు చేసిందల్లా కాపీరైట్ కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. పైగా వేరేవాళ్ళు అచ్చుకు పంపిన పేపర్లు మూడు నాచేత ఊరికే దిద్దించారు. సొమ్మొకడిది, సోకొకడిది.

2025 జనవరి నుంచి జర్నల్స్‌కి సర్కారే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చిందిగా అంటారేమో. అది సర్కారు సంస్థలకు. మాది ప్రైవేటు కాలేజీ, మేం చదివితే ఫిజిక్స్ అరిగిపోతుంది కాబోలు.

మీ వార్షిక సభలో ముఖ్య అతిథికి రెండు గంటలు, మా పరిశోధన పోస్టర్లకు భోజనాల వరండా. మీరు పంపిన కార్డులో నా ఇంటిపేరు తప్పు. సరే, పోనివ్వండి.

రామన్ 1926లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ మొదలుపెట్టి, రెండేళ్ళకు తాను కనిపెట్టింది అందులోనే అచ్చేసి, ఆ కాపీలు దేశదేశాల శాస్త్రవేత్తలకు పోస్టులో పంపించాడు. నలుగురూ చదవాలనే కదండీ జర్నల్ పెట్టేది? తాళం వేసి దాచుకోవడానికైతే మా బీరువా చాలదూ!

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అచ్చుకు ముందు పేపరు తనిఖీ చేసే మీ రిఫరీ ఎవరో, ఆ గాజు వెలుగు ఎంతసేపు నిలుస్తుందన్న నా లైఫ్‌టైమ్ లెక్కలో తప్పు పట్టుకుని రెండు పేజీలు రాశారు. వారం రోజులు తిట్టుకున్నా. 1936లో ఫిజికల్ రివ్యూ అనే అమెరికా జర్నల్ వాళ్ళు రిఫరీ కామెంట్స్ పంపితే ఐన్‌స్టీన్ అంతటివాడే కోపమొచ్చి పేపరు వెనక్కి తీసుకున్నాడు, తీరా చూస్తే రిఫరీ చెప్పిందే నిజం. నా విషయంలోనూ అంతే. ఆ రెండు పేజీలు ఇప్పటికీ నా డ్రాయర్లో ఉన్నాయి. ఆ మనిషికీ మీరు పైసా ఇచ్చుండరు.

పిల్లాడికి నా పాత పెన్‌డ్రైవ్‌లోని డ్రాఫ్టు ఇచ్చి పంపాను. సభ్యత్వం రెన్యువల్‌కి గడువు 31 అన్నారు. నిన్న రాత్రే కట్టేశాను. ఈసారి రసీదులో అయినా ఇంటిపేరు సరిగ్గా వేయండి.

ఇట్లు,
మీ చందాదారు