నూటికి నూట ఎనిమిది

(న్యూజిలాండ్‌లో స్థిరపడిన ఒక తెలుగువారి ఇల్లు. జనవరి ఎండ. భోజనాల బల్ల మీద కూతురు రాసిన అక్కడి హైస్కూలు సర్టిఫికెట్టు పరీక్ష ఎన్‌సీఈఏ ఫలితాల ప్రింటు, క్యాలిక్యులేటరు. వాటి ముందు చెవి వెనక పెన్సిలుతో రామనాథం. విశాలాక్షి ఆరిన బట్టలు మడత పెడుతోంది.)

రామనాథం: విశాలాక్షీ, ఒకసారి ఇలా రా. మొదటి లెవెల్ గట్టెక్కడానికి 60 క్రెడిట్లు కావాలి, మన అమ్మాయికి 65 వచ్చాయి. అంటే నూటికి 108.33 అన్నమాట. సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసి "నూటికి ఎంత?" అని అడగ్గానే ఈ అంకె చెబుతాను.

విశాలాక్షి: చెప్పండి. నూటికి నూట ఎనిమిది తెచ్చుకున్న పిల్ల మన వంశంలోనే కాదు, లోకంలోనే లేదని బావగారు నవ్వి ఫోను పెట్టేస్తారు. క్రెడిట్లకు "ఇంతకు ఇంత" అనే లెక్క ఉండదండీ. 60 అన్నది దాటవలసిన గడప. గడప దాటి ఎన్ని అడుగులు వేసినా ఇల్లు ఒక్కటే, సర్టిఫికెట్టూ ఒక్కటే.

రామనాథం: మరి నిరుడు ఇయర్ టెన్‌లోనే చదవడానికి 5, రాయడానికి 5, లెక్కలకు 10 చొప్పున తెచ్చుకున్న 20 క్రెడిట్లు ఏమయ్యాయి? వాటినీ కలిపితే 80కి 85. (మీటలు నొక్కి, కళ్లద్దాలు సవరించుకుని) ఇదేమిటి, 106.25కు దిగిపోయింది! కలిపితే తగ్గే లెక్క నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

విశాలాక్షి: పైనా కిందా రెండుచోట్లా 20 కలిపితే తగ్గక పెరుగుతుందా? ఇంజనీరింగ్ చదివిన మీకు భిన్నాలు నేను చెప్పాలా? ఆ 20 అక్షరాస్యతకూ అంకెల జ్ఞానానికీ సంబంధించినవి. ఒకసారి తెచ్చుకుంటే రెండో లెవెల్‌కూ మూడో లెవెల్‌కూ అవే చెల్లుతాయి కనుక వాటి జోలికి మళ్లీ వెళ్లనక్కరలేదు.

రామనాథం: సరే, ఇంకొక అన్యాయం చూడు. గణితంలో ఈ స్టాండర్డుకు, అంటే విడిగా మదింపు చేసే ఈ ఒక్క అంశానికి, ఎక్సలెన్స్ వస్తే 5 క్రెడిట్లు ఇచ్చారు. భూగోళంలో అత్తెసరుగా అచీవ్డ్ వచ్చినదానికీ 5 క్రెడిట్లే ఇచ్చారు. బంగారానికీ ఇత్తడికీ ఒకే తూకమా?

విశాలాక్షి: కిలో బంగారమైనా కిలో ఇత్తడైనా తూకం కిలోయే కదండీ. ఒక క్రెడిట్ అంటే సుమారు 10 గంటల చదువు అని వాళ్ల అంచనా. క్రెడిట్ పని బరువు చెబుతుంది, పనితనం చెప్పేది పక్కనున్న గ్రేడు: గట్టెక్కితే అచీవ్డ్, దానిపైన మెరిట్, అన్నిటికన్నా పైన ఎక్సలెన్స్, తప్పితే నాట్ అచీవ్డ్.

రామనాథం: అయితే ఎక్సలెన్స్ కోసం రాత్రిళ్లు మేలుకున్నందుకు దక్కేది ఏమిటి?

విశాలాక్షి: ఎండార్స్‌మెంట్ అంటారు. ఎక్సలెన్స్‌లో 50 క్రెడిట్లు ఉంటే సర్టిఫికెట్ మీద ఆ ముద్ర పడుతుంది. మెరిట్, ఎక్సలెన్స్ రెండూ కలిపి 50 ఉంటే మెరిట్ ముద్ర పడుతుంది. అమ్మాయికి ఎక్సలెన్స్‌లో 35, మెరిట్‌లో 20 వచ్చాయి. మిగిలిన 10 అచీవ్డ్.

రామనాథం: అంటే మెరిట్ ముద్రే! పదిహేను క్రెడిట్ల దూరంలో ఎక్సలెన్స్ చేజారిపోయింది.

విశాలాక్షి: ఎక్కడికీ జారలేదు. వచ్చే ఏడు రెండో లెవెల్‌లో 15 ఎక్సలెన్స్ క్రెడిట్లు తెస్తే, అవి మొదటి లెవెల్ ఎండార్స్‌మెంటుకూ పనికొస్తాయి.

రామనాథం: ఈ ఏటి బాకీ వచ్చే ఏడు తీర్చుకోవచ్చా! మా రోజుల్లో ఇంత ఉదారమైన షావుకారు లేడు.

విశాలాక్షి: అన్నిచోట్లా ఉదారం కాదు. ఒక సబ్జెక్టుకు విడిగా ముద్ర కావాలంటే ఒకే సంవత్సరంలో 14 క్రెడిట్లు ఆ స్థాయిలో తేవాలి. సాధారణంగా వాటిలో కనీసం 3 బడిలో పెట్టే మదింపువీ, కనీసం 3 బయటి పరీక్షవీ ఉండాలి.

రామనాథం: (గొంతు తగ్గించి) సైన్సులో ఈ నాట్ అచీవ్డ్ సంగతి అన్నయ్యకు చెప్పను. ఆ ఐదూ తీసేస్తే సరిగ్గా 60. గడప మీద నిలబడ్డట్టే ఉంది.

విశాలాక్షి: ఎందుకు తీసేస్తారు? రాని క్రెడిట్ రాదు, వచ్చిన క్రెడిట్ పోదు.

రామనాథం: నెగెటివ్ మార్కులు లేని పరీక్ష కూడా ఒక పరీక్షేనా? 2002లో ఎన్‌సీఈఏ రాకముందు ఇక్కడ స్కూల్ సర్టిఫికెట్ ఉండేదట, దానికి మార్కులు ఉండేవట. మనమే ఆలస్యంగా విమానం ఎక్కాం.

విశాలాక్షి: నిట్టూర్పులు ఆపి ఆ తువ్వాలు మడత పెట్టండి. (ఒక్క క్షణం చూసి) అంచులు కలవలేదు, మధ్యలో ముడత పడింది. నాట్ అచీవ్డ్.

రామనాథం: రీసబ్మిషన్ అడుగుతున్నాను, సరిదిద్ది మళ్లీ ఇస్తాను.

విశాలాక్షి: చిన్న తప్పయితేనే ఇస్తారు, తప్పెక్కడుందో మీరే కనిపెట్టాలి, ఎంత బాగా సరిదిద్దినా అచీవ్డ్ దాటదు. కానివ్వండి.

(ఫోను మోగుతుంది. రామనాథం తువ్వాలు భుజాన వేసుకుని అందుకుంటాడు.)

రామనాథం: అన్నయ్యా, మెరిట్ ఎండార్స్‌మెంట్ వచ్చింది... క్రెడిట్ అంటే తూకం, గ్రేడు అంటే పనితనం... 60 అన్నది గడప... (ఫోనును అరచేత్తో మూసి, నీరసంగా) "అదంతా సరే, నూటికి ఎంత?" అంటున్నాడు.

విశాలాక్షి: (మడతల్లోంచి తలెత్తకుండా) 108.33 అని చెప్పి పెట్టేయండి.