కిటికీ పేరుతో ఎన్ని అడుగులు అమ్ముతున్నారు?

హైదరాబాద్ పడమటి శివార్లలో కొత్త అపార్ట్‌మెంట్ల బ్రోషర్లు తిరగేస్తే మాస్టర్ బెడ్‌రూమ్‌లో తరచూ ఒక బే విండో కనిపిస్తుంది. గోడ దాటి బయటికి వచ్చిన కిటికీ, దాని గట్టు మీద పరుపు, కాఫీ కప్పుతో ఒక అమ్మాయి. రాజస్థాన్ హవేలీల్లో గోడ బయటికి పొడుచుకొచ్చే ఝరోకా కిటికీకి ఇది ఆధునిక రూపమని సేల్స్ వాళ్లు చెబుతారు. నమ్మకండి. ఇది విస్తీర్ణం లెక్కల్లో పుట్టిన కిటికీ.

ఝరోకా తీరే వేరు. జైసల్మేర్ హవేలీల్లో రాతి జాలీ ఎండను నరికేస్తుంది, పైనున్న సజ్జ నీడనిస్తుంది, వీధి వెంట పోయే గాలి లోపలికి మళ్లుతుంది. 1799లో కట్టిన జైపూర్ హవామహల్‌లో ఇలాంటి చిన్న కిటికీలు 953. అంతఃపుర స్త్రీలు బయటివారి కంట పడకుండా వీధిని చూసింది వాటిలోంచే. జెడ్డా పాతబస్తీలో చెక్కతో చేసినవీ ఇదే పని చేశాయి. మనకు వీధి చూడాలంటే అరుగు ఉండేది కాబట్టి తెలుగు ఇళ్లలో ఈ అవసరం పెద్దగా రాలేదు. ఇప్పుడొస్తున్నదానికి జాలీ లేదు, చాలాచోట్ల సజ్జ కూడా లేదు. పడమటి వైపు నిలువు గాజు పెట్టి, మే నెలలో ఏసీ బిల్లు మనల్ని కట్టుకోమంటారు.

మరి ఎందుకు పెడుతున్నారు? హాంకాంగ్ చూస్తే తెలుస్తుంది. అక్కడ నేల నుంచి అర మీటరు ఎత్తున మొదలై, గోడ నుంచి అర మీటరుకు మించకుండా బయటికొచ్చే కిటికీని నిర్మాణ విస్తీర్ణంలో కలపకుండా వదిలేసేవారు. దాంతో టవర్లన్నీ బే విండోలతో నిండిపోయాయి. ఇరుకు గదుల్లో జనం మంచాన్ని ఆ గట్టు మీదికి పొడిగించుకున్నారు. 2011లో ఆ మినహాయింపును 100 మిల్లీమీటర్లకు కుదించారు. కొత్త భవనాల్లో బే విండో మీద మోజు తగ్గిపోయింది. వెలుతురు అవసరం ఆ ఏడాదితో తీరిపోయిందా?

ముంబైదీ ఇదే కథ. ఫ్లవర్ బెడ్లు (పూలమొక్కల తొట్లు), నిచ్‌లు (గోడ గూళ్లు) ఎఫ్‌ఎస్‌ఐ లెక్కలోకి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్కలోకి రాకపోవడంతో బిల్డర్లు వాటిని ఉచితంగా కట్టి, గదిలో కలిపి డబ్బులకు అమ్మారు. 2012 జనవరిలో అవన్నీ లెక్కలోకి తెచ్చి, బదులుగా ప్రీమియం, అంటే అదనపు రుసుము కడితే నివాస భవనాలకు 35 శాతం ఫంజిబుల్ (ఇష్టమొచ్చినట్టు వాడుకునే) ఎఫ్‌ఎస్‌ఐ ఇచ్చారు.

చిన్న ఫ్లాట్‌లో కూర్చునే చోటు, కింద సామాను అర దొరికితే నష్టమేంటని అడిగేవాళ్లున్నారు. నష్టమేమీ లేదు. నాకూ అలాంటి గట్టు మీద కూర్చోవడం ఇష్టమే. దాన్ని ఏ రేటుకు అంటగడుతున్నారన్నదే నా గొడవ.

హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి 2006లోనే పోయింది కాబట్టి ముంబై కిటుకు ఇక్కడ అక్కర్లేదు. ఇక్కడ ఆట సూపర్ బిల్టప్ ఏరియాతో. లిఫ్టు, మెట్లు, లాబీ, గోడల మందం అన్నీ కలిపి చదరపు అడుగుకు ఇంత అంటారు. అందులో ఈ గట్టు ఎక్కడ దూరిందో కొనేవాడికి తెలియదు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియా అంటే నికరంగా వాడుకునే నేల విస్తీర్ణం అని చెప్పింది. బాల్కనీని అందులోంచి తీసి, విడిగా చూపమంది. బే విండో ఊసే ఎత్తలేదు. దాంతో ఆ గట్టునూ కార్పెట్ ఏరియాలో కలిపేసే సందు మిగిలింది. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మోకాలి ఎత్తున ఉన్న గట్టు మీద బీరువా పెట్టలేం, నడవలేం. అది నేల ఎలా అవుతుంది?

బాల్కనీకి ఉన్నట్టే దీనికీ ఒక గడి పెట్టమని రెరా అధికారులు ఆదేశించాలి. అంతవరకు ఫ్లాట్ చూడటానికి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లండి. బయటి గోడ లోపలి అంచు వరకే కొలవండి. ఆ అంకెను అగ్రిమెంట్‌లోని కార్పెట్ ఏరియా పక్కన పెట్టి, తేడా ఉంటే అడ్వాన్స్ ఇచ్చే ముందే నిలదీయండి.