చిట్టెలుక ప్రొలాక్టిన్ గారికి ఒక అర్జీ

అయ్యా ప్రొలాక్టిన్ గారూ,

మీరొక హార్మోను, చిట్టెలుక మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో మీ ఆఫీసు. కడుపు నిలవాలంటే మీ సంతకం పడాల్సిందే. రోజుకు రెండుసార్లు మీరు ఉప్పొంగితేనే అండాశయంలో అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం బతికి బట్టకట్టి, గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోను ఇస్తుంది. లేదంటే నాలుగైదు రోజులకే ఎలుక మళ్లీ ఎదకొస్తుంది.

మరి ఏం చూసి సంతకం పెడుతున్నారండీ?

జతకట్టినప్పుడు గర్భాశయ ముఖద్వారానికి తగిలే ఒత్తిడి. అంతే! లోపల పిండం ఉందా లేదా అన్న విచారణే లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన మగదాన్ని రాత్రి బోనులో వదిలాం. పొద్దున్నే ఆడదాని తోక పట్టి ఎత్తి చూస్తే జతకట్టిన గుర్తుగా బియ్యపు నూకంత తెల్లటి బిరడా. అందులో ఒక్క వీర్యకణం ఉంటే ఒట్టు. మీరు మాత్రం దాదాపు 11 రోజులు గర్భం ఫైలు నడిపారు.

నిజంగా కడుపుతో ఉన్నదాని గతి వేరు. 1959లో లండన్ మిల్ హిల్‌లో శాస్త్రవేత్త హిల్డా బ్రూస్ మీ బండారం బయటపెట్టారు. జతకట్టిన కొద్ది రోజుల్లోపు పరాయి మగ ఎలుకను తెస్తే చాలా వాటికి కడుపు నిలవలేదు. అది తాకనక్కర్లేదు, వాసన చాలు. పిండాలు ఇంకా గర్భాశయ గోడకు అతుక్కోకముందే మెదడులో మిమ్మల్ని అణిచే డోపమైన్ పెరుగుతుంది, మీరు ఆఫీసుకు రావడం మానేస్తారు, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. మొగుడి వాసనకైతే ఏ గొడవా లేదు, అది గుర్తుంటుంది కదా! లేని పిల్లలకు పింఛను, ఉన్న పిల్లలకు కోత.

అందుకే కాబోలు, గర్భంలో సగం రోజులు గడిచాక మావి ప్లాసెంటల్ లాక్టోజెన్ అని సొంత మనిషిని పెట్టుకుని మిమ్మల్ని పక్కన పెట్టేస్తుంది. గడుసుదే. అయినా ప్రొజెస్టిరాన్‌కి మాత్రం కాన్పు దాకా కార్పస్ లూటియమే దిక్కు. మన ఆడవాళ్లలో రెండు మూడు నెలలకే ఆ బాధ్యత మావి తీసుకుంటుంది.

ఇంతా తిట్టి అసలు పనికొస్తున్నాను. బయట తయారుచేసిన పిండాలను మోయడానికి మాకు అద్దె తల్లులు కావాలి. ఉత్తుత్తి కడుపుతో ఉన్న ఎలుకలైతేనే ఆ పనికి పనికొస్తాయి. రేపు రాత్రి ఆపరేషన్ అయిన మగవాటిని పది బోనుల్లో వదులుతున్నాం. ఎప్పటిలాగే ఏమీ చూడకుండా సంతకం పెట్టేయండి. పరాయి మగవాటిని వేరే గదిలోకి మార్చేశాం.

ఇట్లు,
బోనుల గది అర్జీదారుడు