సముద్రమే సర్దుకోవాలి

అండమాన్ పాలనా యంత్రాంగానికీ, దానికి పడమట ఉన్న బంగాళాఖాతానికీ, తూర్పున ఉన్న అండమాన్ సముద్రానికీ కలిపి ఒకే విన్నపం. విడివిడిగా రాసే ఓపిక లేదు. ఏటా వానలు తగ్గగానే తెలుగు రాష్ట్రాల నుంచి మా వాళ్లు పదహారేసి మంది చొప్పున మీ దగ్గరికి వస్తున్నారు. నిజానికి ప్లాన్ వేసుకునేది రెండు జంటలే. మాట పొక్కి తోడల్లుడు చేరతాడు, ఆయన్ని పిలిచి మమ్మల్ని పిలవరా అని బాబాయి అలుగుతాడు, కొత్త వియ్యంకుల్ని వదిలేసి వెళ్తే మర్యాద కాదని వదిన తేలుస్తుంది. ఇంత కష్టపడి కూడగట్టిన బృందానికి తగినట్టుగా మీ దీవులు లేవు. కొన్ని సవరణలు చేయాలి.

మొదట సూర్యుడి సంగతి. గడియారం మనదే గానీ సూర్యుడు వేరే. దీవులు హైదరాబాద్‌కు 14 డిగ్రీలు తూర్పున ఉండడంతో డిసెంబర్‌లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దు కుంకుతుంది, హైదరాబాద్ కంటే దాదాపు 50 నిమిషాలు ముందు. మా బృందం దినచర్య ఇది: మూడింటికి భోజనం, నాలుగున్నర దాకా నడుం వాల్చడం, టీ, పిన్ని చీర మార్చుకోవడం, హావ్‌లాక్ దీవిలో జెట్టీ వైపు నుంచి రాధానగర్ బీచ్‌కి అరగంట ప్రయాణం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి అని మెచ్చుకున్న ఆ బీచ్‌ని మా వాళ్లు సెల్‌ఫోన్ టార్చి వెలుతురులో చూశారు. చీకటి పడే వేళకి లైఫ్‌గార్డులు ఈల వేసి అందర్నీ నీళ్లలోంచి బయటికి పంపేస్తారు. ఇప్పుడే కదా వచ్చాం అంటే వినరు. సూర్యాస్తమయాన్ని ఆరున్నరకి జరపాలి. వీలుకాకపోతే కనీసం టీ అయ్యేదాకా ఆపాలి.

ఊళ్ల పేర్లు కూడా మోసమే. రాధానగర్, విజయనగర్, గోవిందనగర్ అంటే మెహదీపట్నం బస్సులో దిగాల్సిన స్టాపుల్లా ఉంటాయి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కాందిశీకులు పెట్టుకున్న పేర్లవి. హావ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. దాంతో బృందంలో సగం మంది ఒక ఊరికి, మిగతా సగం ఇంకో ఊరికి వెళ్తున్నామనుకుంటూ ఒకే విమానం ఎక్కుతున్నారు.

ఇక ఫెర్రీ. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి ప్రైవేటు కేటమరాన్ ఓడలో గంటన్నర. తలుపులు మూసిన ఏసీ హాలు, కదిలే నేల. సముద్రం కాస్త లేచిందంటే చెవి లోపలి తూకం ‘ఊగుతున్నాం’ అంటుంది, ఎదుటి సీటు వెనక భాగాన్ని చూస్తున్న కన్ను ‘లేదే, కూర్చునే ఉన్నాం’ అంటుంది. ఈ తగవు కడుపు తీరుస్తుంది. వాంతి రాకుండా ఆపే అవోమిన్ బిళ్ల ఓడ ఎక్కడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. మా వాళ్లు వాంతి మొదలయ్యాక వేసుకుంటారు, బిళ్ల వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది. రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోమని ముందు రోజే చెబుతారు. కానీ హోటల్లో పొద్దుటి టిఫిన్ గదికి కట్టిన డబ్బులోనే ఉంది. పూరీ, ఆమ్లెట్, కార్న్‌ఫ్లేక్స్, పైన పుచ్చకాయ ముక్కలు. కట్టిన డబ్బుని తినకుండా వదిలేయడం మా ఇంటావంటా లేదు. మధ్య వరసలో, కిటికీ దగ్గర కూర్చుని దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూస్తుంటే కొంత నయం. ఆ సీటులో ఎవరు కూర్చోవాలన్న చర్చ మాత్రం హావ్‌లాక్ కనపడేదాకా నడుస్తుంది.

ఎలిఫెంట్ బీచ్‌కి తీసుకెళ్లే స్పీడ్‌బోటుదీ ఇదే కథ, కాకపోతే ఇక్కడ నడుం విషయం. బోటు ముక్కు అల ఎక్కి దబ్బున పడుతుంది, తోక అంతగా ఎగరదు. కాబట్టి డిస్క్ జారినవాళ్లు, గర్భిణులు వెనకే ఉండాలి. (గర్భిణుల్ని చాలామంది అసలు ఎక్కించుకోరు, మంచిదే.) ముందు కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయని బాబాయి ముందుకెళ్తాడు. ఫొటో వచ్చింది. అందులో బాబాయికీ సీటుకీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

భాష గురించి ఒక హెచ్చరిక. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకి 13 మంది మాతృభాష తెలుగు. మా వాళ్లకిది తెలియదు. డ్రైవర్‌తో అరగంట పాటు ‘భయ్యా, ఏ రోడ్ కహా జాతా’ అని కుస్తీ పడతారు, మధ్యలో తెలుగులో వాడి డ్రైవింగునీ, వాడి రేటునీ, వాడి చొక్కానీ చీల్చి చెండాడతారు. అప్పుడు వాడికి ఫోన్ వస్తుంది. ‘ఏటి, అన్నం తిన్నావా? సవారీలో ఉన్నాన్రా’ అంటాడు శ్రీకాకుళం యాసలో. ఆ తర్వాత కారులో ఉండే నిశ్శబ్దం సముద్రగర్భంలో కూడా దొరకదు.

అసలు సవరణలు సముద్రగర్భానికే కావాలి. ఈత రాని వాళ్లకు చేయించే స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీళ్ల కిందికి దిగడానికి, ముందు ఒక ఫారం నింపాలి. ఆస్తమా, బీపీ, గుండె, చెవి ఆపరేషన్, ఫిట్స్ ఉన్నాయా అని అడుగుతుంది. ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టర్ చీటీ తెమ్మంటారు. పొద్దున్నే మూడు బీపీ బిళ్లలు వేసుకున్న మావయ్య అన్నింటికీ ‘లేదు’ అని టిక్ పెడతాడు, ఎల్‌ఐసీ ఫారం అలవాటు. తర్వాత నడుం లోతు నీళ్లలో శిక్షణ. సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్‌ని నోట్లో కరిచి పట్టుకుని నోటితోనే ఊపిరి తీయాలి, ఎప్పుడూ బిగబట్టకూడదు. మాస్క్ ముక్కుని కూడా కప్పేస్తుంది. లోతు 12 మీటర్లు దాటనివ్వరు, ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకునే ఉంటాడు.

మొదటి అడ్డంకి మీసం. మాస్క్ అంచున ఉండే సిలికాన్ చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు రావు. మీసం మీద పడితే వెంట్రుకల సందుల్లోంచి సముద్రం తీరిగ్గా లోపలికి వచ్చి ముక్కులో కూర్చుంటుంది. మందు ఏమిటంటే ముక్కు కింద సన్నటి గీత మేర గొరగడం. మా వాళ్లు పగడపు దిబ్బలు చూడకుండా వెనక్కి రావడానికి ఒప్పుకున్నారు గానీ ఆ గీతకి ఒప్పుకోలేదు. నవ్వినా ఇదే ప్రమాదం, బుగ్గ ముడత పడి సందు తెరుచుకుంటుంది. నీళ్లు వస్తే తల కాస్త ఎత్తి, మాస్క్ పై అంచు నుదుటికి నొక్కి, ముక్కుతో గట్టిగా ఊదితే కింది నుంచి బయటికి పోతాయి. ఇది ఒడ్డున అందరికీ వచ్చు.

రెండోది చెవి. పది మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. కానీ నొప్పి మొదటి రెండు మూడు మీటర్లలోనే మొదలవుతుంది. మాస్క్ మీంచి ముక్కు నొక్కి పట్టి మెల్లగా ఊదితే చెవులు ‘టిక్’మని తెరుచుకుంటాయి. నొప్పి రాకముందే, మీటరుకోసారి చేయాలి. నొప్పి వచ్చాక చేద్దామనుకుంటే అప్పటికే దారి మూసుకుపోయి ఉంటుంది, కొంచెం పైకి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. జలుబుంటే దిగనే కూడదు. ‘ఆవిరి పట్టి వచ్చాను, పర్వాలేదు’ అనేవాళ్లు ప్రతి బృందంలో ఇద్దరుంటారు.

మూడోదే అసలు కుట్ర. నీళ్ల కింద బొటనవేలు పైకెత్తితే ‘పైకి వెళ్దాం’ అని అర్థం. బాగుంది అని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. చెయ్యి చాచి అటూ ఇటూ ఊపితే ‘ఏదో తేడాగా ఉంది’ అని. ఇది మనకు ‘పెళ్లిభోజనం అంతంతమాత్రం’ అని చెప్పే సైగ. బావ కిందికి దిగుతాడు, ఎదురుగా నారింజ రంగు చేప, కెమెరా తిరుగుతుంది. ఆనందంతో బొటనవేలు ఎత్తుతాడు. ఇన్‌స్ట్రక్టర్ పైకి తెస్తాడు. బావ ‘ఎందుకు తెచ్చావు’ అంటాడు, వాడు ‘మీరే అడిగారు’ అంటాడు. మళ్లీ దిగుతారు, చేప ఇంకా అక్కడే ఉంది, బావ మళ్లీ బొటనవేలు ఎత్తుతాడు. ప్రపంచంలోని డైవర్లందరూ ఈ సైగ మార్చుకుంటే సరి, మా వాళ్లు మార్చుకోలేరు.

స్కూబాని చివరి రోజుకి పెట్టుకునే వాళ్లకో మాట: ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ తీరిగ్గా బయటికి పోవాలి, విమానం టైమింగ్ దానికి పట్టదు.

పెద్దవాళ్లకు సీ వాక్, అంటే సముద్రం అడుగున నడక, నయం. గాజు కిటికీ ఉన్న బరువైన హెల్మెట్ తల మీద పెడతారు, పైపులో గాలి వస్తుంటుంది. కళ్లజోడు పెట్టుకోవచ్చు, తల తడవదు. హెల్మెట్ అడుగున తెరిచే ఉంటుంది, గాలి ఒత్తిడే నీళ్లని ఆపుతుంది కాబట్టి నిటారుగా నిలబడాలి. వియ్యపురాలు వంగి అడుగున శంఖం తీయబోయింది. తర్వాతి సంగతి రెండు కుటుంబాలూ మాట్లాడుకోవడం లేదు.

ఆటుపోట్ల మీద కూడా ఫిర్యాదుంది. నీల్ దీవిలో లక్ష్మణపూర్ దగ్గర రాతి వంతెన చూడాలంటే ఆటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే వెళ్లాలి. ఆ వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైమ్ ఇవాళ పనికిరాదు.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకు మాత్రం సవరణ అడగను. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ నుంచి మొదటి కాన్వాయ్ పొద్దున 6 గంటలకి. పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున మూడున్నరకే బయల్దేరి, అందరి గుర్తింపు వివరాలూ రాసిచ్చి వరసలో నిలబడాలి. దారి జారవా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తినుబండారాలు విసరకూడదు. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధన కింద ఇవి నేరాలు. ‘కనిపిస్తారా’ అని డ్రైవర్‌ని అడగడం నేరం కాదు గానీ, మన వీధిలో బస్సులాపి మన వాకిలి వంక చూస్తూ బిస్కెట్లు విసిరితే ఎలా ఉంటుందో బాబాయిని ఒకసారి ఊహించమనండి. ఆయన చీపురు తీస్తాడు.

చివరగా ఎయిర్‌పోర్ట్. పగడం 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, ఒడ్డున తెల్లగా ఎండి పడి ఉన్న ముక్కైనా సరే తీసుకెళ్లకూడదు. స్కానర్లో అది చక్కగా కనపడుతుంది. పిన్ని దాన్ని ఖాళీ అయిన ఆవకాయ డబ్బాలో వేసి, పైన న్యాప్‌కిన్ కప్పి, అడిగితే ‘అల్లం’ అని చెప్పమని పిల్లాడికి నేర్పింది. డబ్బా తెరిచిన సెక్యూరిటీ ఆయన ముక్కని పక్కన పెట్టి, పిన్ని వంక చూసి, ‘అల్లానికి ఇన్ని చిల్లులు ఉండవమ్మా’ అన్నాడు, శుద్ధమైన తెలుగులో.

విమానం హైదరాబాద్‌లో దిగేలోపు వాట్సాప్ గ్రూపు పేరు ‘అండమాన్ 16’ నుంచి ‘లక్షద్వీప్ 22’ అయింది. అక్కడికి వెళ్లాలంటే ముందే ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలని ఎవరో పెట్టారు. బాబాయి జవాబు వెంటనే వచ్చింది: ‘ముందు వెళ్దాం పదండి, అక్కడికెళ్లాక మాట్లాడుకోవచ్చు.’ కింద పదిహేను బొటనవేళ్లు.